ఒకానొక ప్రాంతపు పత్రిక

పశ్చిమ సింగపూర్ తెలుగు సాహితీ సాంస్కృతిక సమాఖ్యకు పేరెంత పొడుగో ధైర్యం అంత పొట్టి. ఆ సంగతి అరుంధతికి తెలియనిది కాదు. అయినా నెలనెలా సభలకు వెళ్లేది. యూ టీ అనే పేటలో కూతురి ఫ్లాట్‌లో పగలంతా పలకరించే ప్రాణి ఉండదు. కూతురూ అల్లుడూ ఆఫీసులకు, మనవరాలు ఇషిక బడికి వెళ్లాక ఆ ఇంట్లో నోరున్నది వాషింగ్ మెషీన్ ఒక్కటే. అదైనా పని ముగించాక చిన్న పాట పాడి ఊరుకుంటుంది. సమాఖ్యలో మనుషులు పాడతారు. ఆపమన్నా ఆపరు. అరుంధతికి అదే పదివేలు.

సమాఖ్య ఏటేటా వేసే సంచికకు ప్రూఫులు దిద్దే పని ఆమెది. ఐదో తరగతి దాటని మనిషికి ఆ పని ఎందుకు దక్కిందంటే, మిగతా వాళ్లందరికీ వేదిక మీద పనులుంటాయి గనుక. ఆమె తండ్రి రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఎక్కడా నిలకడ లేదు. ఒక స్టేషన్లో స్నేహం కుదిరే వేళకి సామాన్లు కట్టేవాళ్లు. వెయిటింగ్ రూములో ప్రయాణికులు వదిలేసి పోయిన వారపత్రికలే ఆమె బడి. ఈ వారం సీరియల్ దొరికితే పై వారం సీరియల్ ఏ రైలెక్కి వెళ్లిపోయేదో. చాలా నవలల్లో కథానాయికలు ఆమె దృష్టిలో ఇప్పటికీ బావి గట్టు మీదే నిలబడి ఉన్నారు. దూకారో, ఎవరైనా చెయ్యి పట్టుకుని ఆపారో ఆమెకు తెలియదు.

ఆ సమాఖ్యలోకి అమూల్య వచ్చింది. వరంగల్ పిల్ల, ఇక్కడి విశ్వవిద్యాలయంలో చరిత్ర పరిశోధన. ఆమె పరిశోధన అంతా ఒక పాలస్తీనా పత్రిక మీద. పేరు అల్-మర్సా. లంగరు వేసే చోటు అని అర్థమట. బుకిట్ బటోక్ హాకర్ సెంటర్‌లో, ఆ తిండి అంగళ్ల మధ్య, టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసుకున్న, అంటే ముందే ఆపి పెట్టుకున్న బల్ల దగ్గర కూర్చుని, ఆ పత్రిక చరిత్ర మొత్తం అమూల్య ఆమెకు చెప్పింది.

పత్రిక బీరూట్‌లో పుట్టింది. పుట్టించిన వాళ్లు పాలస్తీనాలోని హైఫాలోనో యాఫాలోనో ఇళ్లు పోగొట్టుకుని వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు. అందులో రాజకీయ వ్యాసం ఉండేది, పక్కనే పద్యం ఉండేది, పద్యం పక్కన సినిమా సంగతులు, ఆ కింద శిబిరాల్లో ఆడవాళ్లు గౌన్ల మీద కుట్టే కుట్టుపూల నమూనా. నగరం సైన్యం ముట్టడిలో పడ్డాక పత్రిక ఓడెక్కి సైప్రస్‌లోని నికోసియాకు పోయింది. అక్కణ్ణుంచి అమ్మాన్. ఆ తరువాత రమల్లా. ఊరు మారాల్సి వచ్చినప్పుడల్లా సంచిక నడిమధ్యలో తెగిపోయేది. కొత్త ఊళ్లో వేసే మొదటి సంచికలో సంపాదకీయం ఉండదు, ఏం జరిగిందన్న వివరణ ఉండదు. సీరియల్ ఏ వాక్యం మధ్యలో ఆగిందో ఆ తరువాతి మాటతో పత్రిక మొదలయ్యేది.

"బీరూట్‌లో ఒక పాత్ర తలుపు మీద చెయ్యి వేసింది ఆంటీ. నికోసియాలో తలుపు తీసింది. మధ్యలో ఏడాది పైన గడిచింది."

"తీసిందా!" అంది అరుంధతి. అంత గట్టిగా అన్నందుకు పక్క బల్ల మీది చైనా ముసలాయన నూడుల్స్ లోంచి తలెత్తి చూశాడు.

ఆ పత్రికలో చివరిదాకా పనిచేసిన నజ్లా అనే పెద్దావిడ ఇప్పుడు అమ్మాన్‌లో ఉంటుంది. పాత సంచికలన్నీ అమూల్యకు చూపించింది ఆమే. ఫీజు అడగలేదు, పొగడమనీ అడగలేదు. మా సంగతి ఎక్కడ చెప్పినా మా ఊళ్ల పేర్లు పెట్టి చెప్పు, అంతే, అంది.

అమూల్య ఆ చరిత్రను తెలుగులో ఒక వ్యాసంగా రాసింది. అరుంధతి అచ్చుతప్పులు దిద్దింది. సమాఖ్య సభలో "ప్రపంచ పత్రికలు" శీర్షిక కింద అమూల్య దాన్ని చదవాలని ఖాయమైంది. ఖాయమయ్యాక, అనుకున్నదానికన్నా ముందే ఆమె ఇక్కడి గడువు ముగిసింది. మళ్లీ అమ్మాన్ వెళ్లాలి. అరుంధతి ఎవరినీ సాగనంపడానికి విమానాశ్రయానికి వెళ్లదు. వెళ్లేవాళ్లు అద్దం తలుపు దాటాక ఇంకా కనిపిస్తారేమోనని అక్కడే నిలబడిపోతుందని ఆమెకే భయం. అందుకని రైలు స్టేషన్ గేటు దగ్గరే చెయ్యి ఊపింది.

"ఆంటీ, నా బదులు మీరే చదవండి. ఒక్క పేరు కూడా తీయకండి. నేను నజ్లాగారికి మాటిచ్చిన."

"చదువుతానమ్మా," అంది అరుంధతి.

మాట ఇచ్చేశాక భయం మొదలైంది.

*

సమాఖ్య అధ్యక్షుడు మల్లికార్జునరావు బ్యాంకులో రిస్కు విభాగంలో చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలిపోయింది గానీ రిస్కు వదల్లేదు. మెట్లు దిగేటప్పుడు కూడా మెట్టు ఉందో లేదో కాలితో తట్టి చూసే మనిషి. కానీ ఈ పత్రిక సంగతి విన్న మొదటిరోజు ఆయన పొంగిపోయాడు.

"ఇంటర్నేషనల్ టచ్ అండీ! మన సభలకి ఇన్నాళ్లూ లేనిది అదే. దీనికి తగ్గ అతిథిని పట్టాలి."

పట్టడానికి అరుంధతిని కూడా వెంటబెట్టుకుని లిటిల్ ఇండియా వెళ్లాడు. సెరంగూన్ రోడ్డు వెనక సందులో యాకూబ్ బిర్యానీ హోటల్ ఉంది. సమాఖ్య భోజనాలన్నీ అక్కణ్ణుంచే వస్తాయి. ఆదివారం కావడంతో లోపల పని కుర్రాళ్లు, బయట లైను. యాకూబ్ గల్లా దగ్గర నిలబడి, ఒక చేత్తో చిల్లర ఇస్తూ ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఉన్నాడు.

"యాకూబ్ గారూ, మీరు మా సభకి విశిష్ట అతిథిగా రావాలి. అరబ్ వరల్డ్ తరఫున."

"ఎవరి తరఫున?"

"అరబ్ వరల్డ్ అండీ. పాలస్తీనా పత్రిక మీద ప్రసంగం ఉంది."

"నాది ఆదోని సార్."

"తెలుసనుకోండి. అయినా కల్చరల్‌గా..."

"కల్చరల్‌గా గూడా ఆదోనే. మా నాయన పత్తి మిల్లులో పని జేసినాడు. అరబ్బుల్ని నేను జూసింది దుబాయి ఎయిర్‌పోర్టులో, అదీ లైన్లో నిలబడి."

"అరబిక్ వచ్చు కదండీ మీకు?"

"చదవనీకి వస్తాది. అర్థం కాదు. మీకు సంస్కృతం వచ్చినట్టే అనుకోండి సార్."

ప్రతి సభనూ శ్లోకంతో మొదలుపెట్టే మల్లికార్జునరావు గల్లా మీది సోంపు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. అరుంధతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"శాలువా కప్పుతామండీ," అన్నాడు చివరి అస్త్రంగా.

"కప్పండి సార్. శాలువా వద్దనే తెలుగోడు యాడుండాడు?" అన్నాడు యాకూబ్.

అలా పాలస్తీనాకు ఆదోని నుంచి ప్రతినిధి దొరికాడు. శాలువా కొన్నారు. బల్ల మీద పెట్టే పేరు అట్ట కూడా అచ్చయింది: "యాకూబ్ గారు, విశిష్ట అతిథి, పాలస్తీనా పక్షాన."

అట్ట అచ్చయిన మర్నాడు ఎవరో ఎక్కణ్ణుంచో మల్లికార్జునరావు ఫోనుకు ఒక సందేశం పంపారు. పరాయి దేశాల రాజకీయాల మీద ఇక్కడ సభలు పెడితే ఏమవుతుందో తెలుసా అని దాని మొదలు. ఏమవుతుందో అందులో లేదు. ఉంటే కొంత నయంగా ఉండేది. లేకపోవడం వల్ల ఆయన అన్నీ ఊహించుకున్నాడు. బుకిట్ బటోక్‌లోని తన ఫ్లాట్‌లో కార్యవర్గాన్ని పిలిపించాడు. కార్యవర్గం అంటే ఆయన, కార్యదర్శి, కోశాధికారి. కాగితాలు మోసుకొచ్చినందుకు అరుంధతి కూడా.

"ఇది సభ్యుల సమావేశం కదండీ, చరిత్ర వ్యాసం కదండీ. లైబ్రరీలో ఇలాంటివి ఎన్నో పుస్తకాలున్నాయని అమూల్య చెప్పింది," అంది అరుంధతి.

"పుస్తకానికి మైకు ఉండదు కదమ్మా," అన్నాడాయన. పెన్ను తీశాడు. "ఇక్కడ 'బీరూట్' ఎందుకండీ?"

"పత్రిక అక్కడే పుట్టింది."

"ఊరు చెప్పకపోతే పుట్టలేదంటారా? 'ఒక మహానగరం' అని రాద్దాం. ఈ 'ముట్టడి' ఏమిటి? మరీ హార్ష్‌గా లేదూ?"

"అనివార్య పరిస్థితులు," అన్నాడు కార్యదర్శి. సభ వాయిదా పడినప్పుడు ఆయన వేసే ప్రకటనలన్నీ అలాగే మొదలవుతాయి.

"గుడ్. 'సైన్యం'?"

"సంబంధిత వ్యక్తులు."

"'శరణార్థి శిబిరం'?"

కాసేపు అందరూ ఆలోచించారు. "కమ్యూనిటీ హౌసింగ్," అన్నాడు కోశాధికారి. ఆయన తన ఫ్లాట్ అమ్మకానికి పెట్టి ఉన్నాడు, అలాంటి మాటలు ఆయనకు నోట్లో ఆడుతున్నాయి.

పెన్ను నడిచింది. ప్రవాసం రీలొకేషన్ అయింది. హైఫా, యాఫా, నికోసియా, అమ్మాన్, రమల్లా ఒకదాని వెంట ఒకటి కొట్టివేతల కింద పడుకున్నాయి. చివరికి పాలస్తీనా మిగిలింది.

"'ఒకానొక దేశం' అందామా?"

"దేశం అనొచ్చో లేదో. అది కూడా వివాదమేనట," అన్నాడు కార్యదర్శి.

"అయితే 'ఒకానొక ప్రాంతం'. ప్రాంతం అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు," అని మల్లికార్జునరావు పెన్ను మూత పెట్టాడు.

అరుంధతి కాగితాలు చేతిలోకి తీసుకుని చూసింది. మెడలో నగలూ నుదుట బొట్టూ తీసేసి పెళ్లికూతురిని పీటల మీద కూర్చోబెట్టినట్టుంది. "రావుగారూ, నేను ఆ పిల్లకు మాటిచ్చానండీ. పేర్లు తీయనని."

ఆయన గొంతు తగ్గించాడు. దయగా మాట్లాడేటప్పుడు ఆయన మరీ భయపెడతాడు. "మీరిక్కడ ఉండటానికిచ్చిన లాంగ్ టర్మ్ పాస్ రెన్యూవల్‌కి వెళ్లిందన్నారు కదమ్మా? నాకేం, నేను పీఆర్‌ని, శాశ్వత నివాసిని. మీ గురించే నా బాధంతా. మనవరాలిని వదిలి వెళ్లాల్సి వస్తే మీరు తట్టుకోగలరా?"

ఆ ఒక్క మాటతో అరుంధతి కాగితాలు సంచిలో పెట్టేసింది. పుట్టిన నాటినుంచి పెంచిన పిల్ల ఇషిక. రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద చిన్నదైపోయే ముఖాలు ఆమె చూసినన్ని ఇంకెవరూ చూసి ఉండరు. ఈసారి ఆ ముఖం ఇషికది అవుతుందన్న ఊహ వచ్చాక అన్నం సహించలేదు. ఇమిగ్రేషన్ ఆఫీసులో తెలుగు వచ్చిన అధికారి ఒకడు ప్రత్యేకంగా కూర్చుని, కళ్లజోడు సవరించుకుని, తను దిద్దిన ప్రూఫులన్నీ తిరగేస్తున్నట్టు కనిపించసాగింది.

మనవరాలితో ఆ మాటే అంటే అది ఫోనులోంచి తల ఎత్తకుండానే, "అమ్మమ్మా, సో డ్రమటిక్! దే గాట్ బెటర్ థింగ్స్ టు డూ లా," అంది. నిన్ను మించిన పనులు వాళ్లకు చాలా ఉన్నాయిలే అని దాని భావం. పిల్లకేం తెలుసు, భయపడటానికి వయసు రావాలి, అనుకుంది అరుంధతి.

సభకు బయల్దేరేటప్పుడు సంచిలో కార్యవర్గం వారి ప్రతి పెట్టుకుంది. దాని కింద అమూల్య రాసిన ప్రతి కూడా పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుంటున్నావని ఎవరైనా అడిగితే, విడిగా ఇంట్లో వదిలేస్తే బాగుండదని చెప్పేదేమో.

*

సభ ఒక నివాస సంఘం హాల్లో. అక్కడ నిప్పు వెలిగించనివ్వరు కనుక జ్యోతి ప్రజ్వలన బ్యాటరీ దీపంతో జరిగింది. మల్లికార్జునరావు స్విచ్ వేశాడు, అందరూ చప్పట్లు కొట్టారు. శ్లోకం అయింది. ముఖ్య అతిథి ఏదో కంపెనీ డైరెక్టరు. ఇంట్లో పిల్లలతో తెలుగే మాట్లాడాలని ఆయన ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. ఆయనకు శాలువా, ఆయన భార్యకు శాలువా, హాలు ఇప్పించిన వాళ్లకు శాలువా, మైకు ఇచ్చిన వాళ్లకు శాలువా. సింగపూర్ ఉక్కలో అందరూ శాలువాలు కప్పుకుని చలిదేశం పోబోతున్నట్టు కూర్చున్నారు.

వేదిక చివర కుర్చీలో యాకూబ్. ఆయన ముందున్న అట్ట మీద "పాలస్తీనా పక్షాన" అన్న చోట తెల్ల కాగితం అంటించారు.

అరుంధతి పక్కకు రాగానే ఆయన వంగి గుసగుసగా, "ఏమ్మా, నన్ను యా దేశం తరఫున కూసోబెట్టినారో గొంచెం జెప్తావా? ఎవరన్నా అడిగితే జెప్పల్ల గదా," అన్నాడు.

"ఒకానొక ప్రాంతం తరఫున అన్నా," అంది.

"మంచిదే. వీసా అక్కర్లేదు."

భోజనాల వేళ దగ్గర పడుతుండగా మైకు ఆమె చేతికి వచ్చింది. కార్యవర్గం వారి ప్రతి తీసింది. ముందు వరుసలో మల్లికార్జునరావు ధైర్యం చెబుతున్నట్టు తల ఆడించాడు. సిగ్గుతో కళ్లెత్తకుండా చదవడం మొదలుపెట్టింది.

"ఒకానొక ప్రాంతంలో ఒక మహానగరం. అక్కడ ఒక పత్రిక ఉండేది. దాన్ని నడిపేవాళ్లు వేరే ఊళ్లనుంచి వచ్చి ఆ నగరంలో కుదురుకున్నవాళ్లు. పిల్లల్ని అక్కడే కన్నారు, అక్కడే పెంచారు. అనివార్య పరిస్థితుల వల్ల సంబంధిత వ్యక్తులు వాళ్లను నగరం విడిచి పొమ్మన్నారు. వాళ్లు పెట్టెలు సర్దుకుని సముద్రతీరానికి చేరుకున్నారు..."

హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. సమాఖ్య చరిత్రలో ఎవరి ప్రసంగానికీ అంత నిశ్శబ్దం దొరకలేదు. ఎందుకో తెలియక అరుంధతికి ఇంకా భయం వేసింది. గబగబా తరువాతి పేరా అందుకుంది. "అంతకు ముందు వాళ్ల నేలనూ, వాళ్ల నీళ్లనూ వేరేవాళ్లు వాడుకున్నారు. వాళ్ల యాసను ఎగతాళి చేశారు. మీకంటూ ఒక ప్రాంతం ఎప్పుడూ లేదన్నారు..."

"శభాష్!" అని కృష్ణమూర్తి లేచి నిలబడ్డాడు. గుడివాడ మనిషి, ఏ సభకైనా ముందు వచ్చి ముందు కుర్చీ పట్టే మనిషి. "శభాష్ అరుంధతి గారూ! ఇన్నాళ్లకి మా గోడు ఒకళ్లు రాశారండీ. నగరం నగరం అంటారు, ఆ హైదరాబాద్‌ని అంతదాన్ని చేసిందెవరండీ? చేసిందాకా ఊరుకుని, చేశాక పెట్టె సర్దుకోమంటే!"

వెనక వరుసలో కుర్చీ చప్పుడైంది. సాయిబాబు లేచాడు. కరీంనగర్ అతను, షిప్‌యార్డులో ఇంజినీరు. "ఏందన్నా, నిన్నెవలు సర్దుకోమన్నరు? కూకట్‌పల్లిల నీ ఇల్లు ఆడనే ఉన్నది. నెలనెలా కిరాయి తీస్కుంటనే ఉన్నవు."

"కిరాయి సంగతి కాదండీ, మనసు సంగతి!"

"మనసు మా దిక్కు గూడ ఉన్నది. సదివింది మంచిగ ఇను జర. నేల, నీళ్లు ఎవలో వాడుకున్నరని అన్నది ఆంటీ. యాసను ఎక్కిరిచ్చిండ్రని అన్నది. ఎవల నీళ్లు? ఎవల యాస? గది మా పత్రిక!"

"సముద్రతీరానికి వెళ్లారని రాశారుగా! సముద్రం మీకుందా మాకుందా?"

"సముద్రం ఉంటె మీకే ఉన్నదాయె. లేనోళ్లకే పోయే పని వడ్తది!"

"పత్రిక మాది!"

"మాది!"

చెరో పక్కా జనం లేచారు. కుర్చీలు జరిగాయి. ఎవరో ఎవరి ఎలక్షన్ సంగతో ఎత్తారు. డైరెక్టరుగారి భార్య హ్యాండ్‌బ్యాగు ఒళ్లోకి లాక్కుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అరుంధతి విన్నది గానీ, గుమ్మడికాయ పోగొట్టుకున్నది మేమంటే మేమని రెండు పక్షాలు కలియబడటం ఎన్నడూ చూడలేదు.

యాకూబ్ మళ్లీ వంగాడు. "ఏమ్మా, ఇప్పుడు నేను యా పక్క కూసోవాల? మా సీమ సంగతి ఈళ్లిద్దరి పత్రికలోనూ ల్యాకపాయె."

మల్లికార్జునరావు వేదిక మీదికి దూకాడు. జీవితంలో మొదటిసారి మెట్టు ఉందో లేదో చూసుకోలేదు. "నో పాలిటిక్స్! నో పాలిటిక్స్ ప్లీజ్!" అన్నాడు. ఎవరూ వినలేదు. సాయిబాబు కుర్చీ పట్టుకున్నాడు, ఎత్తడానికో ఆనుకోవడానికో తెలియదు. మల్లికార్జునరావు అరుంధతి చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"పాలస్తీనా అండీ! పాలస్తీనా! అది బీరూట్! హైదరాబాద్ కాదు, బీరూట్! సైన్యం అండీ, ముట్టడి! వాళ్లు వెళ్లింది సైప్రస్! హైఫా, యాఫా, రమల్లా! పాలస్తీనా!"

మైకు కీచుమంది. ఆ మాట తెరిచిన కిటికీల్లోంచి కింద ఆట స్థలం దాటి ఎదుటి బ్లాకు దాకా వెళ్లి ఉంటుంది. కారిడార్‌లో బట్టలు ఆరేస్తున్న ఒక మలై ఆవిడ ఆగి, ఇటు చూసింది.

లేచిన చేతులు దిగాయి. తరువాత కృష్ణమూర్తి నోట్లోంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది.

"ఓ, పాలస్తీనానా!"

"గట్ల ముందే చెప్పాలె కద సారూ," అన్నాడు సాయిబాబు కుర్చీ వదిలేస్తూ. "ఉత్తగ పరేషాన్ జేసిండ్రు."

"పాపం వాళ్లకి ఎప్పుడూ ఏదో ఒకటి అవుతూనే ఉంటదండీ. టీవీలో చూస్తుంటాం కదా."

"అవును. సారీ అన్నా, ఏమనుకోకు."

"ఛ ఛ, మీరూ మేమూ ఒకటి కాదుటండీ?"

ఇద్దరూ చేతులు కలిపారు. చప్పట్లు వినిపించాయి. హాలంతా తేలికైపోయింది, పరీక్షలో తప్పాననుకున్నవాడికి తప్పింది పక్కవాడని తెలిసినట్టు. మల్లికార్జునరావు చెమట తుడుచుకున్నాడు. శాలువా దానికి పనికొచ్చింది.

"క్లియర్ అయింది కదండీ, ఇక భోజనాలకి..."

అరుంధతి వేదిక మీద అలాగే నిలబడి ఉంది. ఆ "ఓ" అన్న నిట్టూర్పు దగ్గరే ఆమె ఆగిపోయింది. అరవడం కన్నా, కుర్చీలు ఎత్తడం కన్నా అది ఆమెకు కష్టంగా తగిలింది. ఒకరి ఇళ్లు పోయాయని విని ఇంతమంది ఇంత హాయిగా ఊపిరి పీల్చుకోవడం. ఎన్నాళ్లుగానో వెంట తిరుగుతున్న భయం తీరా వెతికితే కనిపించలేదు. దాని చోట కోపం ఉంది. అది కొత్తగా ఉంది, కొంచెం బరువుగా కూడా ఉంది. ఆమె చెయ్యి చాపి మైకు తిరిగి తీసుకుంది.

"కూర్చోండి రావుగారూ. నేనింకా చదవలేదు."

"అదేంటమ్మా, చదివేశారు కదా?"

"చదివింది మీరు రాసింది. ఆ పిల్ల రాసింది చదవాలి."

"టైమ్ లేదమ్మా. పైగా మీ పాస్..." అని ఆయన గొంతు తగ్గించాడు.

"పేర్లన్నీ మీరే అరిచి చెప్పారు కదండీ, మైకులో. నన్ను పంపిస్తే అదే విమానంలో నా పక్కన మీరుంటారు. కిటికీ సీటు నాకివ్వండి."

జనం నవ్వారు. నవ్వినా లేస్తూనే ఉన్నారు, బిర్యానీ వాసన అటువైపు లాగుతోంది. అప్పుడు యాకూబ్ కుర్చీలోంచి లేచి, శాలువా సర్దుకుని, వెనక బల్లల దగ్గరికి పోయి డేగిశా పక్కన నిలబడ్డాడు.

"బిర్యానీ దమ్ము మీద ఉండాది. మూత ఇప్పుడు దీస్తే పాడైపోతాది. ఆయమ్మ చదవడం అయినాక దీస్తా."

"దమ్ము ఎప్పుడో అయిపోయి ఉంటదండీ!" అన్నాడు కృష్ణమూర్తి.

"వండినోడు నేను సార్. కూసోండి."

బిర్యానీ వదిలి పోయే తెలుగువాళ్లు లేరు కనుక అందరూ కూర్చున్నారు.

అరుంధతి కింది ప్రతి తీసి మొదటినుంచి చదివింది. బీరూట్‌ని బీరూట్ అంది. శిబిరాన్ని శిబిరం అంది. ఓడ ఎక్కేరోజు సంగతి దగ్గర ఆమె చదవడం నెమ్మదించింది. వీడ్కోలు చెప్పడానికి రేవుకు వచ్చిన వాళ్లను సంపాదకుడు ఏడవవద్దన్నాడట. వచ్చే సంచికకు ఏమైనా రాసి తెచ్చారా అని అడిగాడట. తెచ్చినవాళ్ల కాగితాలు చొక్కాలో దోపుకున్నాడు. తేనివాళ్లకు గడువు తేదీ చెప్పాడు. పత్రిక ఏ ఊళ్లో వేస్తామో తెలియదు గానీ తేదీ మాత్రం తప్పకూడదన్నాడు. చిన్నప్పుడు రైలు ఎక్కేముందు ఎవరైనా తనను ఏడవవద్దని, ఏదైనా రాసి పంపమని చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపించిందామెకు. నీళ్లు తాగి మళ్లీ చదివింది.

అందరూ బుద్ధిగా విన్నారు. "ప్చ్" అనవలసిన చోటల్లా అన్నారు. ఒకావిడ కళ్లు ఒత్తుకుంది. కృష్ణమూర్తి, సాయిబాబు పక్కపక్కన కూర్చుని ఒకే రకంగా తలలు ఊపారు. ముఖ్య అతిథి కొంచెం నిద్రపోయాడు. ఆఖరి మాట అయ్యాక యాకూబ్ మూత తీశాడు. అప్పుడు లేచిన ఆనందధ్వానం వ్యాసానికో బిర్యానీకో చెప్పడం కష్టం.

సాయంత్రం ఇంట్లో గిన్నెలు కడుగుతుంటే అమూల్య అమ్మాన్ నుంచి ఫోన్ చేసింది. వెనక ఎవరో ముసలావిడ దగ్గుతోంది.

"చదివిన్రా ఆంటీ?"

"చదివానమ్మా. అన్నీ పేర్లతోనే."

"గొడవేం కాలేదు కద?"

"పేర్లు తీసి చదివినంతసేపూ అయింది. పేర్లు పెట్టి చదివాక ఎవరికీ ఏ బాధా లేదు."

"నాకర్థం కాలేదు ఆంటీ."

"తరువాత చెప్తాలే."

"నజ్లాగారు ఇక్కడే ఉన్నరు. మీవాళ్లు విని ఏమన్నరని అడుగుతున్నరు. ఏం చెప్పాలె?"

అరుంధతి కుళాయి కట్టేసింది. అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు. నిట్టూర్చారని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

"కొట్టుకోబోయారని చెప్పు. ఇది మా కథే అంటే మా కథే అని రెండు పక్షాలు లేచి కుర్చీలు ఎత్తబోయాయని చెప్పు."

అవతల అమూల్య అరబ్బీలో ఏదో చెప్పింది. కాసేపు దగ్గు ఆగింది. తరువాత ముసలావిడ పెద్దగా, చాలాసేపు నవ్వింది. నవ్వుతూనే ఒక మాట అంది.

"ఏమంటోందమ్మా?"

"అంత ముచ్చటగా ఉంటే మా కథ తీసుకోమనండి అంటున్నరు ఆంటీ. రెండు పక్షాలనూ రమ్మనండి, మొత్తం ఇచ్చేస్తం, మేమేం అడ్డం చెప్పం అంటున్నరు."